కలివికోడి దొరికిన కొండ

కడప జిల్లాలో కలివి పొద తెలియని పశుల కాపరి ఉండడు. ముళ్లతో అల్లుకుపోయిన ఆ పొదల సందుల్లో, చీకటి పడ్డాక పరుగులు తీసే ఒక పిట్ట ఉంది. మా వైపు జనం దాన్ని కలివికోడి అన్నారు. ఈ లోకంలో అది ఇక లేదని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు అనుకుంటున్న కాలంలో కూడా లంకమల్ల కొండల కింద పల్లెల్లో ఆ పేరు బతికే ఉంది. బద్వేలులో పుట్టి పెరిగినవాడిగా ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైన సంగతి అదే.

ఆ పిట్టను పుస్తకాలకు ఎక్కించినవాడు థామస్ జెర్డాన్. మద్రాసు సైన్యంలో డాక్టరు, కొంతకాలం నెల్లూరులో పనిచేశాడు. వైద్యం ఎంత చేశాడో గానీ, పిట్టలను, పాములను, చీమలను పట్టించుకున్నంతగా ఆ రోజుల్లో మరో తెల్ల అధికారి పట్టించుకున్నట్టు కనబడదు. ఆయన తూర్పు కనుమల వైపు నుంచి సంపాదించిన ఈ పిట్టను 1848లో కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. జానెడు దాటిన పొడవు, అంటే ఇరవై ఏడు సెంటీమీటర్లు. రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమ రంగు పట్టీలు, గొంతు కింద ఇటుకరంగు మచ్చ, రాత్రి చూపుకు తగ్గ పెద్ద కళ్లు. పగలు పొద నీడలో కదలకుండా ఉండి, రాత్రి బయటికొచ్చి చెదపురుగులు, చీమలు ఏరుకు తింటుంది. జెర్డాన్ తన పుస్తకంలో దానికి తెలుగు పేరు కూడా రాసిపెట్టాడు. అంటే ఆయనకు దాన్ని చూపించినవాళ్లు తెలుగువాళ్లే. వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

తర్వాత గోదావరి లోయలో బ్లాన్‌ఫర్డ్ అనే శాస్త్రజ్ఞుడికి కనబడింది. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంబెల్ అనే ఆయన చూశాడు. అంతే, ఆ తర్వాత ఆచూకీ లేదు. సాలిం అలీ వంటి మహానుభావుడు వెతికించినా దొరకలేదు. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో ఒక పశువైద్యుడు సేకరించిన గుడ్డు ఒకటి స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉండిపోయింది. అది ఈ పిట్టదేనని తేలింది 2013లోనే. అన్నేళ్లు అది అక్కడ ఉన్నా ఎవరికీ పట్టలేదు.

ఇక 1986 జనవరి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ మా జిల్లాలో మకాం వేసి, పిట్టలు పట్టేవాళ్లను, గొర్రెల కాపరులను అడుగుతూ తిరుగుతున్నాడు. ఆ చలిలో, లంకమల్ల అంచున ఉన్న రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రి వెలుతురు వేసుకుని తిరుగుతూ ఒక పిట్టను పట్టాడు. చేతుల్లోకి తీసుకుని, ప్రాణంతో ఊళ్లోకి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత కలివికోడి మళ్లీ మనిషి ముందుకు వచ్చింది ఆ రాత్రే. ఆ పిట్ట కొద్ది రోజులకే చచ్చిపోయింది, ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. కానీ ఆ ఒక్క పిట్ట వల్లే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 464 చదరపు కిలోమీటర్ల అడవికి రక్షణ వచ్చింది. ఎర్రచందనం, చిరుతలు, ఎలుగులు, కణుతులు అన్నీ ఆ పిట్ట నీడలోకి వచ్చాయి.

ఈ కొండల్లోకి మా మిత్రబృందం చలికాలంలోనే పోతుంది. సిద్ధవటం దాటి పంచలింగాల కోన దాకా బండ్ల మీద, అక్కడ నుంచి నిత్యపూజకోన దాకా బండల మీద నడక. పెన్న ఒడ్డున మట్లి రాజుల కోట, 1808 నుంచి 1812 దాకా జిల్లాకు ముఖ్య పట్టణంగా ఉన్న ఊరు, వీటన్నిటినీ వెనక వదిలి కొండెక్కుతుంటే మనుషుల చరిత్ర సన్నబడుతుంది. ఒక పుష్యమాసపు తెల్లవారుజామున మంచు ఇంకా విడవక ముందే బయలుదేరాం. దారి మొదట్లో గొర్రెల కాపరి ఒకాయన చలిమంట వేసుకుని ఉన్నాడు. ‘‘ఇంత పొద్దున్నే యాడికన్నా? రేగ్గాయలు మాగినాయి. ఎలుగు వొచ్చే పొద్దిది. కొంచెం మాట్లాడుకుంటా పోండి, సప్పుడు ఇంటే అదే పోతాది’’ అన్నాడు.

ఆయన చెప్పినట్టే మాట్లాడుకుంటూ నడిచాం. ఫర్లాంగు దూరం పోయామో లేదో, రేగు చెట్ల గుంపులో కొమ్మలు విరుగుతున్న చప్పుడు. నల్లటి ఒళ్లు, రొమ్ము మీద తెల్లటి మచ్చ, ముక్కుతో నేలంతా వెతుకుతూ పండ్లు తింటోంది. మమ్మల్ని విని ఒక్క క్షణం వెనక కాళ్ల మీద లేచింది. నా పక్కనున్న మిత్రుడు నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాట్లు పడ్డాయి. అది గుర్రుమని ఒకసారి ఊపిరి వదిలి పొదల్లోకి దూరింది. మేం చాలాసేపు అక్కడే నిలబడిపోయాం. ఆ పొలిమేర ఎవరిదో కాపరికి ముందే తెలుసు. ఏ నెలలో ఏ చెట్టు కాస్తుందో, ఆ కాయకు ఏ జంతువు వస్తుందో లెక్క కట్టినవాడు ఆయన. ఐతన్నకు ఉన్నదీ అదే లెక్క.

పైన వాగు దాటే చోట రేసుకుక్కలు కనబడ్డాయి. ఎర్రటి ఒళ్లు, నల్లటి తోక. మాకు ఎదురుగా బండల మీదికి ఒక్కొక్కటే ఎక్కి, మమ్మల్ని తేరిపార చూసి, ఈల వేసినట్టు సన్నగా అరుచుకుంటూ అవతలికి దిగిపోయాయి. కుక్కలని పేరే గానీ మొరగవు. అవి దిగిన వైపునే కణితి ఒకటి వాగులో నీళ్లు చిమ్ముతూ పరుగెత్తింది. అది తప్పించుకుందో లేదో మాకు తెలిసే వీల్లేదు.

కొండ దిగి అడవి బయటి రోడ్డుకొచ్చేసరికి పొద్దుగుంకింది. రోడ్డు పక్క పొదల మధ్య నేల మీద పొడుగు కాళ్ల పిట్ట ఒకటి నిలబడి ఉంది. పెద్ద పసుపు కళ్లు. అందరం ఊపిరి బిగబట్టాం. పట్టీలున్నాయా అని రొమ్ము వైపు చూశాం. లేవు, అన్నీ గీతలే. స్టోన్ కర్లూ అన్నాడు మాలో పిట్టలు తెలిసినవాడు. అది కూడా రాత్రి పిట్టే, ఇలాంటి బంజరు నేలల్లోనే ఉంటుంది. కలివికోడి కాకపోయినా, అది తిరిగిన నేల ఎలా ఉంటుందో ఆ సాయంత్రం కళ్లారా చూశాం. దట్టమైన అడవీ కాదు, దున్నిన చేనూ కాదు. అక్కడక్కడా రేగు, కలివి, తుమ్మ పొదలు, మధ్యలో బోసి నేల.

ఆ బోసి నేలే దాని ఇల్లు. ఆ ఇల్లు ఇలా ఉండటానికి మేకలూ గొర్రెలూ కట్టెలమ్మేవాళ్లూ కూడా ఒక కారణం. వాళ్లు మితిమీరితే పొదలు పోతాయి, బొత్తిగా లేకపోతే పొదలు మూసుకుపోతాయి. రెండూ పిట్టకు చేటే. అందుకే దీన్ని కాపాడటం చుట్టూ కంచె వేసినంత తేలిక కాదు. అంతకంటే పెద్ద ముప్పు ట్రాక్టరుతో వచ్చింది. పనికిరాని పొరంబోకు అని లెక్కలో రాసిన నేలలు చదునై పొలాలు, తోటలు అయ్యాయి. తెలుగుగంగ కాలువ కూడా ఆ నేలల మీదుగానే పోవాల్సి ఉండగా, పరిశోధకుల పోరాటంతో దారి మార్చారు. నీళ్లు లేని సీమలో ఒక పిట్ట కోసం కాలువ పక్కకు జరగడం చిన్న విషయం కాదు. అందుకు ఒప్పుకున్న అందరికీ నేను మనసారా దండం పెడతాను.

1986 తర్వాత వచ్చిన పరిశోధకులు వల వెయ్యలేదు. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారాక దాని అడుగుల గుర్తులు వెతికారు. వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. పొద్దుగుంకాక కాసేపు, తెల్లవారకముందు కాసేపు అది వేసే రెండు ముక్కల కేకను రికార్డు చేశారు. చేతికి దొరక్కుండానే ఒక జీవిని తెలుసుకునే ఈ పద్ధతి నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది. కానీ ఇటీవలి ఏళ్లలో దాన్ని చూశామన్న నమ్మకమైన కబుర్లు అరుదైపోయాయి. అంతరించిపోవడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్న జీవుల జాబితాలో దాని పేరు ఉంది.

ఐతన్నకు ఆ పిట్ట దొరికింది ఆయనకు అడవి రాత్రులు తెలుసు కాబట్టి. కాపరి మాకు ఎలుగు సంగతి ముందే చెప్పింది ఆయనకు రేగుచెట్లు తెలుసు కాబట్టి. మన పరిశోధనలో ఈ మనుషుల పేర్లు ముందు వరసలో రాయాలి, వాళ్ల పిల్లలకు అడవిలోనే జీతం వచ్చే పని ఇవ్వాలి. లేకపోతే ఆ తెలివి ఒక తరంలో ఆగిపోతుంది.

చలికాలంలో లంకమల్లకు వచ్చే మిత్రులకు నా మనవి ఒకటే. పాటల పెట్టెలు, టపాసులు తేకండి. అటవీశాఖ అనుమతి లేనిదే దారి వదిలి లోపలికి పోకండి, చీకట్లో పొదల మీద లైట్లు కొట్టకండి. పొద్దుగుంకాక రోడ్డు పక్క ఆగినప్పుడు రెండు ముక్కల కేక ఏదైనా వినబడితే ఫోనులో రికార్డు చేసి, చోటు గుర్తుపెట్టుకుని, సిద్ధవటంలోనో బద్వేలులోనో అటవీశాఖ వాళ్లకు చెప్పండి.