కాహాల్ తీర్పులోని రెండో సగం

వెన్నుపాము తెగితే మళ్ళీ అతకదన్న మాటకు వైద్యులు తరతరాలుగా సాక్ష్యంగా చూపిన గ్రంథం ఒకటుంది. స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రామోన్ ఇ కాహాల్ నాడీవ్యవస్థ క్షీణత, పునరుజ్జీవనాలపై 1913-14లో రెండు సంపుటాలుగా వెలువరించిన రచన అది.

మెదడు ఎడతెగని వల కాదనీ, విడివిడి కణాల సమాహారమనీ కాహాల్ 1888 నుంచి వాదించాడు. ఆ దృష్టితోనే గాయపడిన నాడులను పరిశీలించాడు. కణదేహం నుంచి వేరుపడిన తంతుభాగం నశిస్తుంది. చేతులు, కాళ్ళ నాడులలో మిగిలిన మొదలు చిగురించి తిరిగి కండరాన్ని చేరగలదు. వెన్నుపాములోనూ చిగురు మొలుస్తుంది. కానీ కొద్ది దూరంలోనే ఆగి వాడిపోతుంది.

లోపం కణానిదా, పరిసరాలదా? కాహాల్ శిష్యుడు ఫ్రాన్సిస్కో టెల్లో 1911లో కుందేలు మెదడులో కాలి నాడి ముక్కను నాటగా, మెదడు తంతువులు అందులోకి పెరిగాయి. ఏడు దశాబ్దాల తరువాత మాంట్రియాల్‌లో ఆల్బర్ట్ అగ్వాయో బృందం ఎలుకలపై ప్రయోగాలతో ఆ సామర్థ్యాన్ని ధ్రువీకరించింది.

ఎదిగిన మెదడులో నాడీమార్గాలు మార్పులేనివని కాహాల్ రాసినదే ప్రసిద్ధికెక్కింది. ఆ కఠిన శాసనాన్ని వీలైతే మార్చవలసింది రాబోయే విజ్ఞానమేనని వెంటనే రాసినది అంతగా వినిపించదు. చికిత్స ఇంకా చేతికందలేదు. అయినా ఆ గ్రంథాన్ని నిరాశకు సాక్ష్యంగా చదవడం సరికాదు.