చుక్కకో టిప్పు

పోయిన వేసవిలో నాన్న మా దగ్గరికి, రెడ్‌మండ్ వచ్చారు. ఒక శనివారం మా ఆవిడకి ల్యాబ్‌లో పని పడితే ముగ్గురం కలిసి బాథెల్ వెళ్ళాం. బయటివాళ్ళని లోపలికి రానివ్వరు కాబట్టి నేనూ నాన్నా గాజు తలుపు ఇవతలే నిలబడ్డాం. తను పిపెట్‌తో ఒక చుక్క తీసి ఒక గుంటలో వేస్తుంది, బొటనవేలితో మీట నొక్కి ప్లాస్టిక్ టిప్పుని డబ్బాలో పడేస్తుంది. మళ్ళీ కొత్త టిప్పు, మళ్ళీ ఒక చుక్క.

నాన్న ముప్పయ్యేళ్ళు కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేశారు. దారి పొడుగునా అదే గొడవ. "అమ్మాయ్, మా కాలేజీలో ఒక్క గాజు పిపెట్ ఇరవయ్యేళ్ళు వాడాం. మీరు గంటలో బుట్టెడు పారేస్తున్నారే!"

"మరి నోటితోనే పీల్చేవారు కదా మామయ్యగారూ?" అంది మా ఆవిడ. నాన్న ఇంకేం మాట్లాడలేదు.

ఇంటర్‌లో టైట్రేషన్ చేసినవాళ్ళందరికీ ఆ పిపెట్ గుర్తుండే ఉంటుంది. గీత దాటేదాకా పీల్చాలి, గబుక్కున చూపుడు వేలు మూయాలి. పగలగొడితే డబ్బులు కట్టాలి. ప్రపంచంలో పెద్ద పెద్ద ల్యాబుల్లో కూడా చాలాకాలం నడిచింది గాజు గొట్టాలతోనే. 1925లో హార్వర్డ్‌లో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్కే కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ని రంగుని బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. అది ప్లాస్టిక్ టిప్పులు పుట్టడానికి చాలా ముందు మాట.

అయితే ఆ గాజు కాలం మనం అనుకున్నంత బంగారు కాలమేం కాదు. నోటితో పిపెట్ పీల్చినందువల్ల జబ్బు తగిలిందని నమోదైన మొదటి కేసు 1893 నాటిది. ఒక డాక్టరు టైఫాయిడ్ క్రిముల ద్రవాన్ని పొరపాటున నోట్లోకి పీల్చేశాడు. ఇక గాజు కడగడానికి పొటాషియం డైక్రోమేట్, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి వాడేవారు. అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం. అంటే మళ్ళీ మళ్ళీ వాడుకోవడానికి కూడా ఎవరో ఒకరు మూల్యం చెల్లించారన్నమాట.

నోటితో పీల్చీ పీల్చీ విసిగిపోయిన హైన్‌రిచ్ ష్నిట్‌గర్ అనే జర్మన్ డాక్టర్ 1957లో మార్‌బర్గ్‌లో కొత్త పిపెట్‌కి పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు. లోపల స్ప్రింగు, పిస్టన్. పిస్టన్‌కీ ద్రవానికీ మధ్య కాస్త గాలి. చివర ఊడొచ్చే ప్లాస్టిక్ టిప్పు. 1961లో ఎపెన్‌డార్ఫ్ కంపెనీ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది.

నాకు ఇక్కడే విషయం అర్థమైంది. ఆ మధ్యనున్న గాలి వల్ల ద్రవం తాకేది టిప్పుని ఒక్కదాన్నే. కాబట్టి పారేయాల్సింది కూడా ఆ ఒక్కటే. పిపెట్‌ని ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. అంటే ష్నిట్‌గర్‌ది పొదుపైన డిజైనే! దుబారా ఆ తర్వాత చేరింది. టిప్పులు పెట్టే ర్యాకు, ర్యాకుకో డబ్బా, పైన ఇంకో కవరు, 96 గుంటల ప్లేట్లు, రాత్రింబవళ్ళు నడిచే రోబోలు. 2015లో ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్ళు 'నేచర్' పత్రికలో ఒక అంచనా ఇచ్చారు: ప్రపంచంలోని జీవశాస్త్ర ల్యాబుల నుంచి 2014లో వచ్చిన ప్లాస్టిక్ చెత్త దాదాపు 55 లక్షల టన్నులు. 2021లో కోవిడ్ పరీక్షల మధ్య టిప్పులకే కరువొచ్చింది. చెత్త అనుకున్న వస్తువు విలువ అప్పుడు తెలిసింది.

టిప్పుల్ని కడిగి, శుద్ధి చేసి మళ్ళీ వాడుకునే యంత్రాల్ని వర్జీనియాలో గ్రెనోవా కంపెనీ తయారుచేసింది. అసలు టిప్పే అక్కర్లేని దారి మా ఊళ్ళోనే వెతికారు. మైక్రోసాఫ్ట్, వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 'పర్పుల్‌డ్రాప్' అనే పలక మీద చుక్కల్ని విద్యుత్తుతో జరిపి, కలిపి, విడదీసి చూపించారు. దాన్ని నడిపేది సాఫ్ట్‌వేర్. నాలాంటి వాడికి భలే ముచ్చటేసింది గానీ, రేపే మా ఆవిడ బల్ల మీదకి వచ్చేస్తుందని మాత్రం అనుకోను.

తను రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాటలో తేల్చేసింది. "పేషెంట్ శాంపిల్ తాకిన టిప్పుని నేను మళ్ళీ వాడను. ఒక్క చుక్క మిగిలినా ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్తుంది." నాన్న ఒప్పుకున్నారు. ఒకసారి ఒక కుర్రాడు సోడియం హైడ్రాక్సైడ్ పీల్చి నోరు కాల్చుకున్నాడట, అప్పుడు చెప్పారు. ఆ మాట నాక్కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"కానీ అమ్మాయ్, ఆ డబ్బాలేం తాకాయి?" అన్నారు కాసేపాగి.

మా ఆవిడ దగ్గర దానికి జవాబు లేదు. నెల తిరక్కుండా వాళ్ళ గ్రూపులో పాత డబ్బాల్లోనే కొత్త టిప్పుల పలకలు అమర్చుకోవడం మొదలైంది. వెళ్ళేముందు నాన్న పోపుగింజలకి పనికొస్తాయని రెండు ఖాళీ డబ్బాలు అడిగారు.

"ల్యాబ్ వస్తువు వంటింట్లోకి రాదు మామయ్యగారూ" అని కరాఖండిగా చెప్పేసింది.