కాటన్ దొర పేరులో పత్తి లేదు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరు గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ ఇంటి పేరుకు అర్థమేమిటని అడిగితే మాత్రం పత్తి అని చెప్పేవాళ్లే ఎక్కువ. వాళ్ల తాతలెవరో నూలు వ్యాపారం చేసి ఉంటారని ఒక ఊహ కూడా తగిలిస్తారు. ఆ పేరులో పత్తీ లేదు, నూలూ లేదు. పత్తికి ఇంగ్లీషువాళ్లు వాడే మాట అరబ్బీ నుంచి వచ్చింది. ఇంటి పేరులోని కాటన్ పాత ఇంగ్లీషుది. 'కాట్' అంటే గుడిసె, 'కాటుమ్' అంటే గుడిసెల దగ్గర. ఆ పేరున్న ఊళ్లు ఇంగ్లండులో చాలానే ఉన్నాయి. అలాంటి ఒక ఊరి నుంచి వలస వచ్చినవాణ్ణి పొరుగూరివాళ్లు అతని ఊరి పేరు పెట్టి పిలిచారు. మన ఇంటి పేర్లు ఎన్నో అలా వచ్చినవే కదా.

యూరపు పేర్ల గురించి దొరికే రాతలు చాలావరకు ఈ పత్తి లెక్కలోనే నడుస్తాయి. స్మిత్ అంటే కమ్మరి, బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు, మిల్లర్ అంటే పిండిమర నడిపేవాడు, బ్రౌన్ అంటే గోధుమవన్నె జుట్టువాడు. పట్టిక అక్కడితో అయిపోతుంది, చరిత్ర కూడా అయిపోయిందనుకుంటాం. పట్టిక తప్పని నేననను. అసలు ప్రశ్న దాని అంచుకు కూడా రాదు. కమ్మరి కొడుకు కొలిమి వదిలేసి గొర్రెలు కాచుకుంటున్నా అతణ్ణి స్మిత్ అనే పిలవడం ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది? దీనికి ఈ మధ్య బాగా చెల్లుబాటవుతున్న జవాబు ఒకటుంది. పన్నుల కోసం, సైన్యం కోసం మనుషులను గుర్తుపట్టాల్సి వచ్చి ప్రభుత్వాలే ఇంటి పేర్లను స్థిరపరిచాయని. అమెరికా పండితుడు జేమ్స్ సి. స్కాట్ 1998లో 'సీయింగ్ లైక్ ఎ స్టేట్' రాశాక ఈ మాట గట్టిగా నాటుకుంది. నాకది సగం నిజమే అనిపిస్తుంది, ఆ సగం కూడా ఇటీవలి రెండు మూడు వందల ఏళ్లకే సరిపోతుంది.

పాత కథ క్లుప్తంగానే చెబుతాను. రోమన్ కులీనులకు మూడేసి పేర్లుండేవి. గైయస్ జూలియస్ సీజర్‌లో జూలియస్ వంశం పేరు. పడమటి సామ్రాజ్యం కూలాక ఆ పద్ధతీ కూలిపోయి, మనిషికి ఒక పేరే మిగిలింది. జర్మనిక్ తెగల పేర్లు రెండు ముక్కలు కలిపి అతికినవి. విలియంలో సంకల్పమూ శిరస్త్రాణమూ ఉన్నాయి, ఎడ్వర్డ్‌లో సంపదా కాపలా ఉన్నాయి. పిల్లల పేర్ల పుస్తకాలు ఈ రెండు ముక్కలను సమాసంలా విప్పి అర్థం చెప్పేస్తాయి. పదకొండో శతాబ్దంలో వూస్టర్ బిషప్‌గా ఉన్న సెయింట్ వుల్ఫ్‌స్టన్ పేరును అలా విప్పితే 'తోడేలు రాయి' వస్తుంది. తోడేలుకు రాయేమిటి? ఆయన తల్లి వుల్ఫ్‌గిఫు, తండ్రి ఎథెల్‌స్టన్. అమ్మ పేరులో మొదటి ముక్క, నాన్న పేరులో చివరి ముక్క తీసుకున్నారు. అర్థం కోసం పెట్టిన పేరు కాదది, చుట్టరికం కోసం పెట్టినది.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఈ పాత పేర్లు నూట యాభై ఏళ్లలో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఎడ్వర్డ్ లాంటి ఒకటి రెండు మిగిలాయంటే, మూడో హెన్రీ రాజు తన కొడుక్కి పూర్వపు రాజర్షి పేరు పెట్టుకున్నందువల్లే. తక్కినచోట్ల ఎవర్ని చూసినా విలియం, రాబర్ట్, రిచర్డ్. 1170ల మొదట్లో నార్మండీలో జరిగిన ఒక క్రిస్మస్ విందుకు విలియం అనే పేరున్నవాళ్లను తప్ప ఎవర్నీ రానివ్వకపోతే, అప్పటికీ నూరుమందికి పైగా వీరులు బల్లల చుట్టూ కూర్చున్నారట. పద్నాలుగో శతాబ్దానికి ఇంగ్లండు మగవాళ్లలో సగానికి పైగా జాన్, విలియం, థామస్, రిచర్డ్, రాబర్ట్ అనే ఐదు పేర్లలో ఇమిడిపోయారు. సుబ్బారావును సుబ్బడని పిలిచినట్టు రాబర్ట్‌ను రాబ్, హాబ్, డాబ్ అన్నారు. రాబిన్సన్, హాబ్సన్, డాబ్సన్, హాప్కిన్స్ అందరూ ఆ ఒక్క రాబర్ట్ సంతానమే.

ఇక్కడే మొదటి పొరపాటు దొర్లుతుంది. పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ, కాబట్టి ఇంటి పేర్లు వచ్చాయంటారు. ఈ కారణంతో ముద్దుపేర్లూ గుర్తింపు పేర్లూ ఎందుకు వచ్చాయో తెలుస్తుంది. అవి కొడుకుకూ మనవడికీ ఎందుకు దిగాయో తెలియదు. గుర్తుపట్టడమే అక్కరైతే, గొర్రెల కాపరిని మిల్లర్ అని పిలవడం గుర్తును చెరపడమే. పైగా 1348–49 ప్లేగు ఇంగ్లండులో మూడో వంతుకు తక్కువ కాకుండా జనాన్ని ఊడ్చుకుపోయింది. మనుషులు ఎక్కువవడమే కారణమైతే ఆ తర్వాత ఇంటి పేర్లు సడలాలి. సడలకపోగా సామాన్యులలో ఇంకా బిగిశాయి.

రెండో జవాబు తలపన్ను. 1377, 1379, 1381లలో మూడుసార్లు ఇంగ్లండు రాజు తలకింతని పన్ను వేశాడు. పేర్ల జాబితాలు కుప్పలుగా తయారయ్యాయి, ఆ జాబితాలే పేర్లను బిగించాయని వాదన. యార్క్‌షైర్‌లో 1379 నాటి జాబితాలు చూస్తే వాదన వీగిపోతుంది. అక్కడ ఫలానావాడి పెళ్లాం, ఫలానావాడి పనివాడు, ఫలానావాడి కూతురు అనే ఎంతోమందిని రాసుకున్నారు. ఇంటి పేరు అడిగి పెట్టించే అధికారులైతే అలా వదిలేస్తారా? వసూలుదారు ఊరివాళ్లు చెప్పింది రాసుకున్నాడు, అంతే. దక్షిణ ఇంగ్లండులో రైతుల ఇంటి పేర్లు ఈ పన్నులకు రెండు మూడు తరాల ముందే తండ్రి నుంచి కొడుక్కి దిగుతున్నాయి. ఇంకొక మాట. ఫలానా ఇంటి పేరు పెట్టుకోవాలని ఇంగ్లండులో సామాన్య ప్రజలను నిర్బంధించిన చట్టం ఏనాడూ లేదు.

ఉన్న చట్టం వేరే సంగతి చెబుతుంది. 1413లో ఐదో హెన్రీ పాలనలో ఒక శాసనం వచ్చింది. దావా పత్రాల్లో ప్రతివాది పేరు పక్కన అతని హోదా లేదా వృత్తి ఏమిటో, ఏ ఊరివాడో విడిగా రాయాలన్నది. దీన్ని ఇంటి పేర్ల పుస్తకాలు పట్టించుకున్నది తక్కువ. పేరులోని స్మిత్ నిజంగా కమ్మరే అయితే పక్కన మళ్లీ కమ్మరి అని రాయమనడం దేనికి? 1413 నాటికి పేరు వృత్తిని చెప్పడం మానేసిందని న్యాయస్థానాలకు తెలుసు. కాబట్టి మన పట్టికల్లోని 'అర్థాలు' అప్పటికే చచ్చిపోయినవి.

మరి వాటిని మోసుకొచ్చింది ఏది? భూమి అని నా నమ్మకం. నార్మన్ ప్రభువుల విషయంలో చరిత్రకారుడు జె. సి. హోల్ట్ ఈ మాట ఎప్పుడో చెప్పాడు. జాగీరు తండ్రి నుంచి కొడుక్కి దిగడం ఖాయమయ్యాక, జాగీరు పేరు కూడా దానితో దిగింది. దీన్ని రైతు కమతాల దాకా దించి చూడాలి. పదమూడో శతాబ్దం నడిమి నుంచి ఇంగ్లండు భూస్వాముల కోర్టులు తమ వ్యవహారాలను తోలు చుట్టల మీద రాయించడం మొదలుపెట్టాయి. రైతు చనిపోతే అతని పశువుల్లో మేలైనది దొరకు పోతుంది. కొడుకు కోర్టుకు వచ్చి, ఈ కమతం మా నాన్నదని చెప్పి, ప్రవేశ రుసుం కట్టి స్వాధీనం పొందుతాడు. గుమాస్తా అదంతా చుట్టలో ఎక్కిస్తాడు. ముప్పై ఏళ్ల తర్వాత తగాదా వస్తే పాత చుట్ట విప్పి చూస్తారు. అందులో ఉన్న 'మిల్లర్' కొడుకును నేనని చెప్పుకోవాలంటే తనకూ ఆ పేరే ఉండటం మేలు. గొర్రెలు కాచుకునేవాడు మిల్లర్ అన్న పేరును గట్టిగా పట్టుకోవడానికి కారణం అక్కడుంది. తర్వాతి కాలంలో ఆ హక్కుకే 'చుట్ట నకలు హక్కు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మన కరణం లెక్కల్లో పేరుండటానికి ఎంత విలువో తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. 1381 తిరుగుబాటులో రైతులు వెతికి వెతికి ఆ చుట్టల్నే తగలబెట్టారు. వెట్టి చాకిరికి రుజువులు వాటిలో ఉన్నాయి మరి. భూమికి రుజువులు కూడా వాటిలోనే ఉన్నాయి.

వేల్స్ ఈ వాదనకు బలం. అక్కడ భూమి కొడుకులందరికీ వంశపు లెక్కన పంచేవారు. కాబట్టి హక్కు నిలబెట్టుకోవడానికి ఒక పేరు చాలదు, తాతముత్తాతల వరస కావాలి. ఫలానావాడి కొడుకు ఫలానావాడు అంటూ 'అప్' చేర్చి నాలుగైదు తరాలు చదివేవారు. 1536–43 చట్టాలు ఆ పంపకాన్ని రద్దుచేసి ఇంగ్లండు పద్ధతి తెచ్చాక, అప్ రీస్ కాస్తా ప్రైస్ అయ్యాడు, అప్ హవెల్ పావెల్ అయ్యాడు, అప్ రిచర్డ్ ప్రిచర్డ్ అయ్యాడు. నార్వేలో పేరు ఏకంగా పొలానికే ఉండేది. ఆ పొలం వదిలి ఇంకో పొలానికి మారితే మనిషి పేరూ మారేది. జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో ఇల్లరికం వెళ్లిన అల్లుడు అత్తవారి పొలం పేరు పెట్టుకునేవాడు. 'సర్‌నేమ్' అన్న ఇంగ్లీషు మాట కంటే మన 'ఇంటి పేరు' అన్న మాటే ఈ రెండు చోట్లకూ చక్కగా అతుకుతుంది.

చిక్కులు లేవని కాదు. ఇంగ్లండులోనే కెంట్ ప్రాంతంలో భూమిని కొడుకులు పంచుకునేవారు, అయినా అక్కడ ఇంటి పేర్లు తొందరగానే స్థిరపడ్డాయి. లాంకషైర్‌లో భూమి వారసత్వంగానే దిగుతున్నా పదిహేనో శతాబ్దంలోనూ తండ్రి పేరుకు 'సన్' తగిలించి కొత్త పేర్లు పుట్టిస్తూనే ఉన్నారు. భూమిలేని కూలీలకు కూడా చివరికి ఇంటి పేర్లు వచ్చాయి. వాళ్లు చూసి నేర్చుకున్నారని సరిపెట్టుకోవచ్చు గాని, అది వాదన కాదు, సర్దుబాటు. భూమి ఒక్కటే కారణమని నేను పట్టుబట్టను. తలపన్ను కంటే, జనాభా కంటే అది పెద్ద కారణమనే అంటున్నాను.

ప్రభుత్వం నిజంగా పేర్లు పెట్టించిన కాలం ఆ తర్వాతది. స్కాట్ అక్కడ చాలావరకు సరే. 1787లో ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ తన రాజ్యంలోని యూదులందరూ జర్మన్ ఇంటి పేర్లు పెట్టుకోవాలన్నాడు. 1811లో నెపోలియన్ నెదర్లాండ్స్‌లో పేర్ల నమోదు ఆజ్ఞ ఇచ్చాడు. 1828లో డెన్మార్క్ తండ్రి పేరు తరతరానికీ మారే పద్ధతిని ఆపమంది. అప్పటికి ఎవరి పేరు చివర ఏ 'సెన్' ఉంటే అదే గడ్డకట్టింది. అందుకే ఇవాళ ఆ దేశంలో ఎటు చూసినా నీల్సెన్, జెన్సెన్, హాన్సెన్. 1849లో స్పెయిన్ గవర్నర్ ఫిలిప్పీన్స్‌లో ఇంటి పేర్ల జాబితా అచ్చువేయించి ఊళ్లకు పంచాడు. కొన్ని ఊళ్లలో జనం పేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయి, ఆ ఊరికి జాబితాలో వచ్చిన పుట అదే మరి. కానీ ఈ ఉదాహరణల చుట్టూ పుట్టిన కథలు వాటికంటే ఎక్కువ. నెపోలియన్‌ను ఆటపట్టించడానికి డచ్చివాళ్లు వెకిలి పేర్లు రాయించారని, నాక్ట్‌ఖెబోరెన్ అంటే 'దిసమొలతో పుట్టినవాడు' అని ఇప్పటికీ చెబుతారు. ఆ పేరు నెపోలియన్ కంటే పాతది. తండ్రి పోయాక పుట్టినవాడనే జర్మన్ మాట నోళ్లలో నలిగి అలా అయింది. న్యూయార్క్ దగ్గరి ఎలిస్ దీవిలో గుమాస్తాలు వలస వచ్చినవాళ్ల పేర్లు ఇష్టమొచ్చినట్టు మార్చారన్నది ఇలాంటిదే ఇంకొకటి. అక్కడి గుమాస్తాలు ఓడ బయల్దేరిన రేవులో రాసిన జాబితాలను సరిచూసుకున్నారు, కొత్త పేర్లు పెట్టలేదు. పేరు నిజంగా మారిన చిత్రం చూడాలంటే, గుమాస్తాలను కాదు, అచ్చువాళ్లను చూడాలి; మన కైఫీయతులు సేకరించిన కల్నల్ మెకెంజీ పేరు చాలు. అందులో మొదట 'జ' అన్న ధ్వని లేదు. పాత స్కాట్లండు రాతలో 'య' లాంటి ధ్వనికి వాడిన అక్షరం అచ్చుపెట్టెలో లేకపోతే, చూపుకు దగ్గరగా ఉన్న అక్షరం వేశారు. అచ్చులో పడ్డదే ఉచ్చారణ అయింది.

ఇవాళ పేర్ల మీద ఆసక్తి పెరిగింది. దానితో పాటు దుకాణాలూ పెరిగాయి. ఇంటి పేరు చెబితే చాలు, దాని 'అర్థం' రాసి, పక్కన సింహాలూ డాలూ ఉన్న రాజచిహ్నం వేసి, చట్రం కట్టి అమ్ముతారు. ఇంగ్లండు సంప్రదాయంలో అలాంటి చిహ్నం ఒక మనిషికీ అతని వారసులకూ ఇస్తారు, ఇంటి పేరుకు ఇవ్వరు. స్మిత్‌లందరికీ కలిపి ఒక డాలు లేదు. జన్యు పరీక్షల కంపెనీలు ఈ సరుకుకే కొంచెం శాస్త్రం రంగు పూశాయి. వాటివల్ల ఒకే ఇంటి పేరున్నవాళ్లలో ఎవరు దాయాదులో కొంత తెలుస్తోంది, కాదనను. అయితే పేరెందుకు దిగిందో అవి చెప్పలేవు, దానికి తోలు చుట్టలే చదవాలి. చదివేవాళ్లు తగ్గుతున్నారు.

ఆడవాళ్ల పేర్ల సంగతిలో మాత్రం మంచి మార్పు వస్తోంది. గ్రీసు 1983లో పెళ్లయినా పుట్టింటి పేరే ఉంచుకోవాలంది. ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం 2022లో బిడ్డకు తండ్రి పేరే దానంతటదే రావడం చెల్లదనీ, తల్లిదండ్రులు వేరేగా అనుకోకపోతే ఇద్దరి పేర్లూ రావాలనీ తీర్పిచ్చింది. దీన్ని కనీవినీ ఎరగని విప్లవంగా రాసిన పత్రికలను చూసి నాకు కొంచెం నవ్వొచ్చింది. పదమూడో శతాబ్దపు చుట్టల్లో తల్లి పేరుతో ఉన్న కొడుకులు కోకొల్లలు. వాళ్లందరూ పెళ్లి కాకుండా పుట్టినవాళ్లని పాత పండితులు తేల్చేశారు. అలాంటివాళ్లూ ఉన్నారు, కానీ అందరూ కాదు. భర్త పోయాక కమతాన్ని తన పేర రాయించుకుని సాగుచేసిన విధవరాలి కొడుకు అమ్మ పేరు చెప్పక ఎవరి పేరు చెబుతాడు? మటిల్డాను ముద్దుగా టిల్ అనేవారు, ఇంకా ముద్దుగా టిలట్. 1691లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ఇంగ్లండు చర్చికి పెద్ద అయిన జాన్ టిలట్సన్ ఇంటి పేరులో ఉన్నది ఆమె.