చీటీకి అటూ ఇటూ

మిక్చరు సీసాల కాలంలో డాక్టరు గదికీ మందుల గదికీ మధ్య ఒక చిన్న కిటికీ ఉండేది. డాక్టరు రాసింది చూసి కాంపౌండరు మందు కలిపేవాడు, మోతాదులు తెలిసేలా సీసాకు కాగితపు పట్టీ అంటించేవాడు. అనుమానం వస్తే కిటికీలోంచే అడిగేవాడు.

మందులు ఫ్యాక్టరీ నుంచి బిళ్లలుగా రావడం మొదలయ్యాక ఆ కిటికీ మూతపడింది. కల్తీ మందుల మీద విచారించిన చోప్రా కమిటీ 1931లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగానే 1940లో ఔషధాల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. రాసేవారు వేరు, ఇచ్చేవారు వేరు అయ్యారు. ఇద్దరికీ మధ్య మిగిలింది చీటీ ఒక్కటే.

సరిగ్గా ఆ రోజుల్లోనే పెనిసిలిన్ వచ్చింది. చాలీచాలని మోతాదు వాడితే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడతాయని 1945లోనే, నోబెల్ ప్రసంగంలో, దాన్ని కనిపెట్టిన ఫ్లెమింగ్ హెచ్చరించాడు. 1954లో పుణె దగ్గరి పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో హైదరాబాద్ బల్క్ డ్రగ్స్‌కు కేంద్రమైంది. మందు చవకై వీధి చివరికొచ్చింది. చీటీ లేనిదే అమ్మకూడదని ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్ జాబితా చెప్పినా, “రెండు బిళ్లలివ్వండి” అన్నవాళ్లకు రెండే కత్తిరించి ఇచ్చే షాపులు ఉండనే ఉన్నాయి. జలుబుకు కూడా యాంటీబయాటిక్ రాసే డాక్టర్లకూ కొదవ లేదు. పల్లెల్లో ఆర్‌ఎంపీ దగ్గరైతే చీటీ ప్రసక్తే లేదు. రాసేదీ ఇచ్చేదీ ఆయనే.

సూక్ష్మజీవులను చాలా యాంటీబయాటిక్‌లకు లొంగకుండా చేసే ఎన్‌డీఎం-1 ఎంజైము మీద 2010లో రేగిన గొడవ దేశాన్ని కుదిపింది. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమలైంది. అప్పటి జాబితాలోని 46 మందుల్లో దాదాపు సగం యాంటీబయాటిక్‌లు. ఇవి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం విడిగా రిజిస్టరులో రాసి, దాన్ని మూడేళ్లు భద్రపరచాలి. 2016లో స్ట్రిప్పుల మీది ఎర్రగీతకు అర్థం, అంటే చీటీ లేకుండా వాడొద్దని, చెప్పే ప్రచారం నడిచింది. ఇవన్నీ కాపలా ఏర్పాట్లు. కాపలాదారు తప్పు పట్టగలడు కానీ, సలహా ఇవ్వలేడు.

ఆ లోటును గుర్తించినవి 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు. చీటీని పరిశీలించడం, సందేహముంటే డాక్టరును సంప్రదించడం, రోగికి వాడకం వివరించడం ఫార్మసిస్టు పనేనని అవి చెప్పాయి. అయితే జబ్బేమిటో రాయని చీటీ చూసి మందు తగినదో కాదో ఎవరు తేల్చగలరు? యాంటీబయాటిక్ ఎందుకిస్తున్నారో కచ్చితంగా రాయాలని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2024 జనవరిలో డాక్టర్లను కోరింది. చీటీ లేనిదే అమ్మవద్దని ఫార్మసిస్టులకూ అప్పుడే చెప్పింది.

డాక్టరు ఆ ఒక్క ముక్క రాస్తే ఫార్మసిస్టుకు ప్రశ్న అడిగే వీలు దొరుకుతుంది. మూసుకుపోయిన కిటికీ ఇక చీటీలోనే తెరుచుకోవాలి.