రోకలి లేని పోటు: గోటికింది గ్లోమస్ కణితి నిర్ధారణ, శస్త్రచికిత్సల చరిత్ర – తెలుగు నొప్పి పదజాలం

వ్యాససంగ్రహం

గోటికింద పెరిగే గ్లోమస్ కణితి సాధారణంగా ప్రాణాపాయం కలిగించదు. పరిమాణంలో చాలా చిన్నది. అయినా అది కలిగించే నొప్పి అతి తీవ్రమైనది. చాలా సందర్భాల్లో బయటికి ఏ ఆనవాలూ కనిపించదు కనుక, ఆ నొప్పికి రోగి మాటే మొదటి సాక్ష్యం. 1812 నుంచి ఈ వ్యాధి నిర్ధారణ, శస్త్రచికిత్స ఎదిగిన క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం మొదటి లక్ష్యం. తెలుగులో ‘గోరుచుట్టు’ అనే పదం గోటినొప్పులన్నిటినీ తనలో కలుపుకోవడం వల్ల ఏర్పడే చిక్కును పరిశీలించడం రెండవ లక్ష్యం.

కీలకపదాలు: గోరుచుట్టు, గ్లోమస్ కణితి, పోటు, సలుపు, సాంఘిక చరిత్ర, వైద్య పరిభాష, వనపర్తి.

1. ఉపోద్ఘాతం

వనపర్తి, గద్వాల ప్రాంతాల చరిత్రరచనను ప్రస్తావించేటప్పుడు సురవరం ప్రతాపరెడ్డిని స్మరించక తప్పదు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన ఆయన, 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యాడు. 1949లో వెలువడిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. రాజుల యుద్ధాలకన్నా జనం తిండి, బట్ట, ఆట, ఆచారం ముఖ్యమని భావించిన గ్రంథమది. కావ్యాలలోనూ జనవ్యవహారంలోనూ నిలిచిన మాటలను చరిత్రకు ఆధారాలుగా స్వీకరించే మార్గాన్ని అది బలపరిచింది.

జనం ఏమి తిన్నారు, ఏమి కట్టారు అన్న ప్రశ్నల సరసన ‘ఏ నొప్పులు పడ్డారు, వాటిని ఏమని చెప్పుకున్నారు’ అన్న ప్రశ్నను కూడా చేర్చవచ్చు. నొప్పికి శిలాశాసనం ఉండదు. దాని జాడ సామెతల్లో, నిఘంటువుల్లో, వంటింటి వైద్యంలో మిగులుతుంది. ఈ దృష్టితో గోటినొప్పి అనే చిన్న విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. గోరుచుట్టు – పదం, సామెత, చికిత్స

గోటి అంచున చర్మం వాచి, ఎర్రబడి, చీము పట్టే స్థితిని తెలుగువారు ‘గోరుచుట్టు’ అంటారు. 1852లో వెలువడిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఈ పదాన్ని ఆంగ్ల వైద్యంలోని ‘విట్లో’తో సమీకరించింది. అంటే వేలికొనకు చీము పట్టే వాపుగానే అర్థం చెప్పింది. ‘గోరుచుట్టుపై రోకటిపోటు’ అనే సామెత తెలుగునాట తెలియనివారు అరుదు. ఉన్న బాధ మీద మరో దెబ్బ పడటాన్ని చెప్పడానికి, మానవ బాధలన్నిటిలో జనం ఏరుకున్నది వేలికొన బాధను! వడ్లు, కారం దంచే చేతులకు ఆ నొప్పి ఎంత పరిచితమో ఈ ఎంపికే చెబుతుంది.

సామెతలోని ‘పోటు’ అనే మాట గమనించదగినది. అది దంపుడు దెబ్బను తెలుపుతుంది. పొడిచినట్టుండే నొప్పిని కూడా తెలుపుతుంది. తలపోటు, చెవిపోటు అనే పదాలలో ఉన్నది ఈ రెండవ అర్థమే. దెబ్బకూ నొప్పికీ ఒకే పదం ఉండటంలో ఒక ఊహ దాగి ఉంది. నొప్పి ఉంటే దానికి కారణమైన దెబ్బ కూడా ఉండాలన్నదే ఆ ఊహ. తెలుగులో ఇతర నొప్పి పదాలకూ ఇటువంటి సూక్ష్మభేదాలున్నాయి. చీము పట్టిన చోట లోపల కొట్టుకుంటున్నట్టుండేది ‘సలుపు’. పైచర్మం కాలినట్టుండేది ‘మంట’. నరం వెంట మెరుపులా పాకేదానికి ‘జివ్వుమనడం’ అంటారు.

గోరుచుట్టుకు గృహవైద్యంలో ప్రసిద్ధమైన ఉపాయం నిమ్మకాయకు రంధ్రం చేసి వేలికి తొడగడం. వేడినీటి కాపడం మరొకటి. చీము పక్వమై బయటికి పోతే సలుపు తగ్గుతుంది. ఈ క్రమమంతా కంటికి కనిపిస్తుంది. వాపు ఉంది, చీము ఉంది, ఉపశమనం ఉంది. పదం, సామెత, చికిత్స మూడూ కనిపించే వ్యాధి చుట్టూనే ఏర్పడ్డాయి.

3. సుశ్రుత సంహితలో గోటివ్యాధులు, అర్బుదం

సుశ్రుత సంహిత నిదానస్థానం క్షుద్రరోగాలలో ‘చిప్పం’ అనే గోటివ్యాధిని వర్ణించింది. వాతపిత్తాలు గోటి మాంసాన్ని ఆశ్రయించి నొప్పిని, మంటను, పాకాన్ని కలిగిస్తాయని దాని సారాంశం. ఇక్కడ ‘పాకం’ అంటే చీము పట్టడం. దెబ్బ తగిలి గోరు నల్లబడి గరుకైపోయే స్థితిని అదే గ్రంథం ‘కునఖం’ అన్నది. మొదటిది గోరుచుట్టుకు దగ్గరిది. రెండవది దెబ్బ ఫలితం.

కణితి విషయానికి వస్తే, సుశ్రుతుడు ‘అర్బుదాన్ని’ గుండ్రనిదిగా, కదలనిదిగా, పెద్దదిగా, మెల్లగా పెరిగేదిగా, చీము పట్టనిదిగా, స్వల్పమైన నొప్పి కలదిగా నిర్వచించాడు. గ్లోమస్ కణితి ఈ నిర్వచనానికి దాదాపు తలకిందులు. అది చిన్నది, నొప్పి మాత్రం దుర్భరం. చీము పట్టదు కనుక చిప్పంలోనూ ఇమడదు. కనిపించే చీము, కనిపించే దెబ్బ, కనిపించే పెరుగుదల అనే మూడు గుర్తుల నడుమ, కనిపించని నొప్పికి చోటు దొరకలేదు. ఈ లోటు మన వైద్యానికి మాత్రమే పరిమితం కాదు. ఐరోపా వైద్యం కూడా 19వ శతాబ్ది ఆరంభం తరువాతే ఈ నొప్పిని విడిగా గుర్తించింది.

4. బాధ నుంచి కణితి దాకా: 1812–1924

1812లో ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు విలియం వుడ్ చర్మం కింద ఏర్పడే, బాధాకరమైన చిన్న బొడిపెలను గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. బఠాణీగింజకు మించని బొడిపె అంతటి నొప్పిని ఎలా కలిగిస్తుందో అప్పటికి తెలియదు. దానిని కోసి తీసివేస్తే నొప్పి పోతుందన్నది మాత్రం స్పష్టమైంది. ఈథర్ మత్తు బహిరంగంగా ప్రదర్శితమైంది 1846లో. కొకైన్‌ను స్థానిక మత్తుగా కార్ల్ కోలర్ చూపింది 1884లో. అంటే వుడ్ కాలపు రోగులు మత్తు లేకుండానే కత్తికి ఒప్పుకున్నారు. ఆ నొప్పి తీవ్రతకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఆ తరువాత శరీర నిర్మాణ శాస్త్రం మరొక దారిలో ముందుకు సాగింది. 1862లో సుకే, 1877లో హోయర్ ధమనులనూ సిరలనూ నేరుగా కలిపే సూక్ష్మ రక్తమార్గాలను వర్ణించారు. వేళ్లకొనల్లో, గోళ్లకింద ఇవి ఎక్కువగా ఉంటాయి. చలికీ వేడికీ తగినట్టు చర్మంలో రక్తప్రవాహాన్ని సవరించడం వీటి పని.

ఈ రెండు దారులు కలిసింది స్ట్రాస్‌బర్గ్‌లో. నరాల వైద్యుడు జాఁ అలెగ్జాండర్ బారే గోటికింద విపరీతమైన నొప్పితో వచ్చిన రోగులను పరీక్షించాడు. అక్కడి రోగలక్షణ శాస్త్రవేత్త పియర్ మాసాఁ, తీసివేసిన కణితులను సూక్ష్మదర్శిని కింద చూశాడు. అవి ఆ సూక్ష్మ రక్తమార్గాల చుట్టూ ఉండే కణాల నుంచే పుట్టాయని 1924లో నిరూపించాడు. ఆ నిర్మాణానికి వాడిన ‘గ్లోమస్’ అనే లాటిన్ మాటకు ‘నూలుండ’ అని అర్థం. చుట్టలు చుట్టుకున్న రక్తనాళానికి ఆ పేరు ఎందుకు తగినదో మగ్గాల ఊరైన గద్వాల పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఈ గుర్తింపుతో పాత ప్రశ్నకు సమాధానం దొరికింది. గ్లోమస్ నాడీతంతువులతో కూడిన నిర్మాణం, చలికి స్పందించే నిర్మాణం. గోరు, ఎముక నడుమ ఇరుకుచోటులో అది పెరిగితే సాగడానికి వీలుండదు. అందువల్ల చలి తగిలినా, కొద్దిగా ఒత్తిడి పడినా నొప్పి లేస్తుంది.

5. నిర్ధారణ: రోగి మాటకు విలువ

కణితికి పేరు దొరికినా దానిని గోటికింద గుర్తించడం సులభం కాలేదు. 1944లో మేయో క్లినిక్ వైద్యుడు గ్రాఫ్టన్ లవ్ ఒక సులువైన పరీక్షను చెప్పాడు. గుండుసూది తలవంటి సన్నని వస్తువుతో గోటిపై ఒక్కొక్క చోటే నొక్కుతూ పోవాలి. కణితి ఉన్న బిందువు దగ్గర రోగి నొప్పితో చేయి లాక్కుంటాడు. దాని పక్కనే నొక్కితే అంత బాధ ఉండదు. 1970లో హిల్‌డ్రెత్ రెండవ పరీక్షను ప్రతిపాదించాడు. చేయి పైకెత్తించి, రక్తపోటు కొలిచే పట్టీని బిగించి రక్తప్రవాహాన్ని ఆపితే ఆ బిందువును నొక్కినా నొప్పి రాదు. పట్టీ వదలగానే తిరిగి వస్తుంది. 1972లో కారల్, బర్మన్ 28 మంది రోగుల అనుభవాన్ని ప్రచురిస్తూ మూడు లక్షణాలను నొక్కిచెప్పారు. అవి తీవ్రమైన నొప్పి, ఒకే బిందువులో తాకలేనితనం, చలికి పెరిగే బాధ.

ఈ పరీక్షలకు కావలసినవి గుండుసూది, రక్తపోటు పట్టీ, చన్నీళ్లు. ఇవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉంటాయి. గోటికింద నీలిమచ్చ, గోటిపై గీత, గోరు కొద్దిగా ఉబ్బడం కొందరిలోనే కనిపిస్తాయి. ఎక్స్‌రేలో ఎముక కొంత అరిగినట్టు కొన్నిసార్లు తెలుస్తుంది. అల్ట్రాసౌండ్, ఎమ్మారై పరీక్షలు కణితి ఉన్న చోటును, పరిమాణాన్ని ముందే చూపుతాయి. అయితే ఆ పరీక్షకు పంపాలన్న ఆలోచన రోగి మాటను నమ్మినప్పుడే పుడుతుంది. గోటికింది గ్లోమస్ కణితులు స్త్రీలలో, ముఖ్యంగా నడివయసువారిలో ఎక్కువ. సరైన నిర్ధారణకు ఏళ్లు పట్టిన రోగులను, నొప్పిని మానసిక సమస్యగా తీసివేసిన సందర్భాలను వైద్యసాహిత్యం పదేపదే నమోదు చేసింది.

6. శస్త్రచికిత్స

చికిత్స ఒక్కటే. కణితిని పూర్తిగా తీసివేయాలి. వేలి మొదట్లో మత్తుసూది ఇచ్చి, వేలికి పట్టీ కట్టి రక్తాన్ని ఆపి, గోటిని ఎత్తుతారు. గోటి కింది మెత్తని పొరను నిలువుగా చీల్చి, బూడిద లేదా నీలి ఛాయలో ఉండే చిన్న ఉండను చెక్కుచెదరకుండా బయటికి తీస్తారు. ఆ పొరను సన్నని దారంతో కుట్టి, గోటినే కప్పుగా తిరిగి అమర్చడం ఒక పద్ధతి. పొర సరిగా అతకకపోతే కొత్త గోరు చీలి గాని వంకరగా గాని పెరుగుతుంది. అందుకే కణితి పక్కవాటుగా ఉన్నప్పుడు వేలి పక్కనుంచి కోసి, గోటిపొరను ముట్టకుండా తీసే పద్ధతి ఏర్పడింది. ఈ పద్ధతిలో గోరు చెడదు గాని కణితి కనిపించే చోటు ఇరుకవుతుంది. ఏ దారిని ఎంచుకోవాలన్నది కణితి ఉన్న స్థానాన్ని బట్టి ఉంటుంది.

తీసిన కణితిని సూక్ష్మదర్శిని పరీక్షకు పంపడం తప్పనిసరి. కొద్ది భాగం మిగిలినా, అదే వేలిలో రెండవ కణితి ఉన్నా నొప్పి తిరిగి వస్తుంది. ఒకటికి మించిన కణితులు ఉన్నవారిలో మొదటి రకం న్యూరోఫైబ్రోమటోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి ఉందేమో చూడాలి. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాబట్టి కొత్త గోరు పూర్తిగా రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. చాలామందికి ఏళ్లనాటి నొప్పి మాత్రం అంతకన్నా ఎంతో ముందే పోతుంది.

7. వనపర్తి ప్రాంతంలో పదమూ వైద్యమూ

1846లో హైదరాబాదులో ఆధునిక వైద్య పాఠశాల ఏర్పడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో వచ్చింది. అనంతరం ఆంగ్లం నిలదొక్కుకుంది. వైద్యవిద్యకు తెలుగు బోధనామాధ్యమం కాలేదు. ఫలితంగా రోగి నొప్పి తెలుగులో మిగిలింది, దానికి నిర్ధారణ మరో భాషలో జరిగింది. ఈ రెంటి నడుమ అనువాదం ఆసుపత్రి గదిలో, ఆ క్షణాన, ఎవరి శిక్షణా లేకుండా జరుగుతున్నది.

గ్లోమస్ కణితి విషయంలో ఈ అనువాదం తప్పడానికి అవకాశం ఎక్కువ. జూరాల ఆయకట్టులో యాసంగి నాట్లు చలికాలంలో పడతాయి. తెల్లవారుజామున చల్లని బురదనీటిలో చేయి పెట్టే స్త్రీ వేలు జివ్వుమంటున్నదంటే, అది చలికి అందరికీ వచ్చే తిమ్మిరిగా తోస్తుంది. వేరుశనగ కాయలు ఒలిచే చేతికి నొప్పి అంటే ముల్లు గుచ్చుకున్నదనో గోరుచుట్టు లేచిందనో తోస్తుంది. నిమ్మకాయ తొడుగుతారు, చీము రాదు. చీముకు మందులు వాడతారు, నొప్పి పోదు. కనిపించే పుండు లేదు గనుక ఆమె మాట మీద అనుమానం మొదలవుతుంది.

2016లో వనపర్తి జిల్లా ఏర్పడింది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. బోధనాసుపత్రి ఇంటికి దగ్గరైన ఈ దశలో భాష దూరాన్ని తగ్గించడం కూడా సాధ్యమే. ‘గోరుచుట్టు లేచిందా?’ అన్న ప్రశ్నతో ఆగకుండా, ‘సల్లటి నీళ్లల్ల చెయ్యి పెడితే జివ్వుమంటదా అమ్మా? నొప్పి ఏడనో సూదిమొనంత చోటు చూపిస్తవా?’ అని అడిగితే, లవ్ పరీక్షా, మూడు లక్షణాలూ ఆ రెండు వాక్యాలలోనే ఇమిడిపోతాయి.

8. ముగింపు

• ‘గోరుచుట్టు’ అనే పదం చీము పట్టే వ్యాధికి సరిగ్గా సరిపోతుంది. గోటినొప్పులన్నిటికీ దానిని వాడినప్పుడు గ్లోమస్ కణితి మరుగున పడుతుంది.

• సుశ్రుత సంహితలోని చిప్పం, కునఖం, అర్బుదం అనే విభాగాలలో వేటిలోనూ ఈ వ్యాధి పూర్తిగా ఇమడదు.

• 1812, 1924, 1944, 1970, 1972 సంవత్సరాల పరిశోధనలు ఈ వ్యాధి చరిత్రలో మైలురాళ్లు. వీటిలో నిర్ధారణకు సంబంధించినవన్నీ రోగి చెప్పే నొప్పిని ఆధారంగా తీసుకున్నవే.

• సలుపు, పోటు, మంట, జివ్వుమనడం వంటి పదాల మధ్య భేదాలను ప్రాంతీయ వ్యవహారంతో సహా సేకరించి, వైద్య విద్యార్థులకు అందుబాటులో ఉంచడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. దీనికి మాండలిక పరిశోధనలో శిక్షణ పొందినవారే అర్హులు.

దెబ్బకూ నొప్పికీ ‘పోటు’ అనే ఒకే మాట పెట్టుకున్న భాషలో, దెబ్బ లేని నొప్పిని నమ్మించడం రోగికి కష్టం. రోకలి కనిపించనంత మాత్రాన పోటు లేదని అనరాదన్నది ఈ రెండు శతాబ్దుల వైద్యచరిత్ర నుంచి తెలుగు పరిశోధకుడు గ్రహించవలసిన విషయం.