వెబ్ పుట బదులు చెప్ప నేర్చిన విధము



నంద్యాలలో చిరకాలము బాలురకు వ్యాకరణము చెప్పిన నేను యంత్రవిద్యను గూర్చి ప్రసంగింప పూనుట సాహసమే. అయినను నేటి చరిత్ర తెలుగు గుణింతము దాక వచ్చునది గావున నాకును గొంత యధికారము గలదని తలచుచున్నాను.

1991లో లోకమునకు వెల్లడియైన వెబ్బు మొదట చదువుకొనుటకే యేర్పడినది. దూరముననున్న సర్వరు పుటను పంపును; మన బ్రౌజరు దానిని చూపును. అంతే. పుటలో నొక్క ముక్క మారవలసినను మరల సర్వరు నడిగి పుటనంతయు తెప్పించుకొనవలసి యుండెను. ఆళ్లగడ్డ రైతొకడు దస్తావేజులో నొక మాట దిద్దించుటకై సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణము చేసి నంద్యాలకు వచ్చి, దస్తావేజునంతయు తిరిగి వ్రాయించుకొని పోవుట వంటిది. నేనొకమారు పూరించిన దరఖాస్తు, తేదీలో గీతకు బదులు చుక్క యుండవలెనను సాకుతో తిరిగివచ్చినది. తక్కిన గడులన్నియు ఖాళీ!

1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ పది దినములలో జావాస్క్రిప్టు భాషకు తొలిరూపము కల్పించెను. దానితో చిన్న దిద్దుబాటులు బ్రౌజరులోనే జరుగ నారంభించినవి. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అయిదవ కూర్పు మరియొక యుపాయము తెచ్చినది: పుట కదలకయే చాటుగా సర్వరు నడిగి, కావలసిన తునకను మాత్రము తెచ్చుకొనుట. పెక్కేండ్లు దీనిని గమనించినవారు తక్కువ. 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వెలువడగా, పటమును లాగినకొలది తరువాతి భాగము వచ్చి చేరుట చూచి జనులు విస్తుపోయిరి. ఆ నెలలోనే జెస్సీ జేమ్స్ గ్యారెట్ ఈ పద్ధతికి 'అజాక్స్' అని పేరిడెను. పేరు కలిగిన పిదపనే విద్య వ్యాపించినది. చిన్నయసూరి తన బాలవ్యాకరణమున సంజ్ఞా పరిచ్ఛేదమును మొదట నుంచుట యూరక కాదు.

ఇక మన ముచ్చట. 2006లో వీవెన్ అను తెలుగువాడు, వెన్న నాగార్జున రచించిన 'పద్మ'ను ఆధారముగా గొని 'లేఖిని'ని నిర్మించెను. ఇంగ్లీషు మీటలపై హల్లు నొక్కగా పొల్లు కనబడును. అచ్చు తోడైనంతనే గుణింతమగును. నేను పలకమీద నేర్పినదే! ఈ సంధానమంతయు జావాస్క్రిప్టు బ్రౌజరులోనే చేయును. ప్రతి యక్షరమును సర్వరుకు పోయి రావలసినచో నెవడు ఓపిక పట్టును? తెలుగు మీటలు లేనివారును దీనిచేత తెలుగు వ్రాయగలిగిరి. 2003 డిసెంబరులో నాగార్జునయే నెలకొల్పిన తెలుగు వికీపీడియాకు వ్రాసిన వారికిది గొప్ప చేయూత.

అయితే పనియంతయు బ్రౌజరుపై మోపుటయు తగదు. అట్టి పుట బరువెక్కి, చౌక ఫోనులో తెరచుకొనుటకే జాగు చేయును. మొదట చదువదగిన పుటను పంపి, పిదప హంగులు చేర్చుటయే మేలని నా యభిప్రాయము. బ్రౌజరు సరిచూచిన లెక్కను సర్వరు మరల సరిచూడవలెను; మోసగాడు బ్రౌజరును తప్పించుకొని రాగలడు. ఇప్పటి బ్రౌజరులకు వ్రాసినదానిని తమయందే దాచుకొను చోటును గలదు. నిర్మాత దానిని వాడుకొన్నచో, ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలో సిగ్నలు నడుమ తెగినను దరఖాస్తులోని గడులు చెరగవు. సిగ్నలు వచ్చినప్పుడు విడిచిన గడినుండియే పూరించుకొనవచ్చును.