ఒడిలో చాట

చంటిబిడ్డ తల్లి ఒడి ఎవరిది? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, కొడిమ్యాల వైపు పల్లెల్లో ఈ ప్రశ్నకి కవిత్వంతో పనిలేని జవాబు ఉంది. బీడీలు చేసే ఆడవాళ్ళు గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంటారు. చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు, దారం. బిడ్డ ఏడిస్తే చాట దించాలి. చాట దించితే లెక్క ఆగుతుంది. కూలి వెయ్యి బీడీలకింత అని కట్టిస్తారు గనుక, పాలిచ్చిన ప్రతి పావుగంటా ఆమె కూలిలోంచే పోతుంది.

మాతృత్వం మీద మనవాళ్ళు చాలా రాశారు. తల్లిపాల చరిత్ర మాత్రం రాయలేదు. పాలు ప్రకృతికి సంబంధించినవి, చరిత్ర రాజులకీ ఉద్యమాలకీ సంబంధించింది అనుకోవడం వల్ల కాబోలు. కానీ ఎవరి పాలు ఎవరి బిడ్డకి, ఎప్పుడు, ఎంతసేపు అన్నది ఏనాడూ తల్లి ఒక్కతే నిర్ణయించుకున్న విషయం కాదు.

చరకసంహిత శారీరస్థానంలో ధాత్రి, అంటే పాలిచ్చే దాది, ఎలా ఉండాలో వివరంగా ఉంది. ఆమెకి ఉండాల్సిన లక్షణాల్లో సమాన వర్ణం ఒకటి. పాలకి కూడా కులం చూశారన్నమాట. సుశ్రుతసంహిత మొదటి రోజుల్లో బిడ్డకి తేనె, నెయ్యి నాకించమంటుంది. పచ్చని ముర్రుపాలు పిండి పారబోసి, చక్కెర నీళ్ళో ఆముదమో పోసిన మన అమ్మమ్మల్ని చదువురాని మూఢులని తేలిగ్గా అనేస్తాం. ముర్రుపాలని పక్కన పెట్టడం చదువుకున్న వైద్యులు చెప్పిన మాట కూడా. యూరప్ వైద్యులు కూడా పద్దెనిమిదో శతాబ్దం దాకా అదే చెప్పారు. 1748లో విలియం కాడొగన్ అనే ఇంగ్లీషు డాక్టరు, బిడ్డకి తల్లి తొలిపాలే పట్టాలని రాశాడు. మంచి మాటే. అయితే అదే వ్యాసంలో, పిల్లల సంరక్షణ ఇన్నాళ్ళకి తెలివిగల మగవాళ్ళ చేతికి వచ్చిందని సంతోషించాడు కూడా!

మన దగ్గర గడీల చరిత్ర వేరు. నిజాం కాలపు తెలంగాణలో దొరల ఇళ్ళల్లో ఆడబాపలు ఉండేవాళ్ళు. దొర కూతురు అత్తవారింటికి వెళ్తే ఆమెతో పాటు వాళ్ళనీ పంపేవారు. పగలంతా గడీ చాకిరీలో ఉన్న ఆడమనిషి బిడ్డ ఏ వేళకి పాలు తాగిందో ఏ దస్తావేజులో దొరుకుతుంది? ఆ గడీల మీద లేచిన సాయుధ పోరాటానికి కూడా పాలిచ్చే తల్లి ఒక చిక్కు ప్రశ్నే అయింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో కమలమ్మ కథనం చదివినవాళ్ళెవరూ మర్చిపోలేరు. అడవిలో దళంతో తిరుగుతూ, కన్న బిడ్డని పరాయివాళ్ళకి ఇచ్చేయాల్సి వచ్చింది ఆమెకి. పసిబిడ్డ ఏడుపు శత్రువుకి దళం జాడ చెబుతుంది, నిజమే. బిడ్డని ఇచ్చేసిన తర్వాత కూడా తల్లికి పాలు వస్తూనే ఉంటాయన్న సంగతిని ఏ పోరాట చరిత్రా లెక్కలోకి తీసుకోలేదు.

1978 సెప్టెంబర్ 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర గురించి ఎంతో చదివాం. వెట్టి, భూమి, కూలి మన జ్ఞాపకంలో ఉన్నాయి. ఆ తర్వాత మగవాళ్ళు బొంబాయికీ, దుబాయికీ, మస్కట్‌కీ పోతుంటే ఇళ్ళని నడిపిన బీడీల పని గురించి చదివింది తక్కువ.

చట్టం వీళ్ళని పూర్తిగా మరిచిపోయిందని కూడా అనలేం. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం, బిడ్డకి పదిహేను నెలలు నిండేదాకా పనిలో రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇమ్మంది. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఆ ప్రసూతి చట్టాన్ని ఇంట్లో చుట్టేవాళ్ళకీ వర్తింపజేసింది. యాభై మందికి మించి ఆడవాళ్ళున్న చోట శిశుగృహం ఉండాలంది. కార్ఖానా ఆకూ తంబాకూ ఇచ్చి పనిని ఇళ్ళకి పంపేసింది. ఇక యాభై మంది ఒకచోట ఎక్కడుంటారు? ఇంట్లో ఉన్నావు కదా, బిడ్డ పక్కనే ఉంది కదా అంటారు. పక్కన ఉండడం, ఒడిలో ఉండడం ఒకటి కాదు. పైగా తంబాకు పట్టిన చేతుల్లోంచి నికోటిన్ ఒంట్లోకి పోతుంది, పాలల్లోకీ దిగుతుంది. అయినా డబ్బాపాల కంటే ఆ తల్లి పాలే మేలు. చేతులు కడుక్కుని, తంబాకు పట్టిన చీర మార్చుకునే తీరికే ఆమెకి కావాలి.

తల్లిపాల ప్రయోజనాలు చెప్పేటప్పుడు ఎప్పుడూ బిడ్డ గురించే చెబుతారు. ముర్రుపాలలోని రక్షక పదార్థాలు, విరేచనాల నుంచీ న్యుమోనియా నుంచీ కాపాడడం, అన్నీ నిజం. తల్లికేమిటి? బిడ్డ చప్పరించగానే విడుదలయ్యే ఆక్సిటోసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేసి రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. రక్తహీనతతోనే పురుడు పోసుకునే మన ఆడవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. 30 దేశాల పరిశోధనలని కలిపి 2002లో లాన్సెట్ ప్రచురించిన విశ్లేషణ, పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకీ రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుందని తేల్చింది. మొదటి ఆరు నెలలూ పూర్తిగా తల్లిపాలే ఇస్తూ, ముట్టు రాకుండా ఉంటే మళ్ళీ గర్భం వచ్చే అవకాశం రెండు శాతం లోపే. కాన్పుకీ కాన్పుకీ ఎడం గురించి భర్తతో వాదించలేని స్త్రీకి ఇది ఎంత అండో ఆలోచించండి.

డబ్బాపాల ప్రచారాన్ని మన దేశం 1992 చట్టంతో కట్టడి చేసింది, 2003 సవరణతో ఇంకా బిగించింది. ఇప్పుడు అడ్డం వేరే చోట ఉంది. తెలంగాణలో దాదాపు అన్ని కాన్పులూ ఆసుపత్రుల్లోనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వాటిలో నూటికి 60కి పైగా ఆపరేషన్లే. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 40 మంది కూడా లేరు. కోతతో, మత్తుతో పడుకున్న తల్లికి ఎవరో ఒకరు బిడ్డని రొమ్ముకి ఆనించి పట్టుకోవాలి. ఆ మనిషి వార్డులో లేకపోతే పాల పొడి డబ్బా వస్తుంది. వెనకటి మంత్రసాని మూడు రోజులు ఆపిందని తిట్టిన మనం దీన్ని మూఢనమ్మకం అనడం లేదు.

2017లో హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు పెట్టి దానికి 'ధాత్రి' అని పేరు పెట్టారు. చరకుడి మాటే. నెలలు నిండని పిల్లలకి అక్కడి పాలు పడుతున్నప్పుడు ఎవరూ వర్ణం అడగరు.

2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి 1961 ప్రసూతి చట్టం స్థానాన్ని తీసుకుంది. రోజుకి రెండు విరామాలు, పదిహేను నెలల గడువు అందులోనూ ఉన్నాయి. యాభై మంది ఉద్యోగులుంటే శిశుగృహం అన్న లెక్కా ఉంది. బీడీల కూలి ఇప్పటికీ వెయ్యికింతే. ఆ రెండు విరామాల్లో చుట్టకుండా మిగిలిపోయిన బీడీలకి కూలి ఎవరివ్వాలో ఎవరూ చెప్పలేదు.